గోదారి గట్టుకు నాలుగు హద్దులు

మూగమనసులు సినిమాలో గౌరి పాడే గోదారి గట్టు పాట తెలియని తెలుగువాళ్లు అరుదు. 1964లో వచ్చిన ఆదుర్తి సుబ్బారావు సినిమా అది. దాశరథి రాశారు, కె.వి. మహదేవన్ బాణీ కట్టారు, సుశీల పాడారు, జమున తెరమీద ఆ పాటకు ప్రాణం పోశారు. ఆ పల్లవిని ఒక్కసారి దస్తావేజు లేఖరి చెవితో విని చూడండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని, జీవితమంతా స్టాంపు కాగితాల మీద ఆస్తి షెడ్యూళ్లు రాసిన మనిషికి అందులో మొదట వినిపించేది ప్రేమ కాదు, ఆస్తి వివరం. ముందు స్థలం చెప్పారు, నది గట్టు. తర్వాత ఆ స్థలంలో ఉన్న చెట్టు చేమ చెప్పారు. చెట్టు కొమ్మ మీద వాలిన పక్షిని కూడా వదలకుండా చేర్చారు. అంతవరకూ పద్ధతి ప్రకారమే నడిచింది. కానీ సర్వే నంబరు లేదు, విస్తీర్ణం లేదు, తూర్పు పడమర ఉత్తర దక్షిణ హద్దులు లేవు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఏటి గట్టు ప్రభుత్వ పోరంబోకు. దాన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదు, కొనే హక్కూ లేదు. కాగితం ఆఫీసులోకి వెళ్లినా అలాగే తిరిగొస్తుంది. ఇక ఆఖరున ఆ పక్షి మనసులో ఏముందని అడిగారు. మన దస్తావేజుల్లో నిధి నిక్షేపాలు, జల తరు పాషాణాలు అంటూ అష్టభోగాలూ రాసే ఆచారం ఉంది గానీ ఆ ఎనిమిదింటిలో మనసు లేదు. లేఖరి కలం అక్కడ ఆగిపోతుంది.

ముందు నవ్వొస్తుంది. నవ్వు తగ్గాక, ఇంతకుముందు వందసార్లు విన్నా పట్టని సంగతి ఒకటి కనిపిస్తుంది. ఆ పల్లవిలో ప్రతి వస్తువూ ముందుదానికంటే చిన్నది. నదికంటే గట్టు చిన్నది, గట్టుకంటే చెట్టు, చెట్టుకంటే పక్షి చిన్నవి. కొలతకు అందేవన్నీ వరసగా చెప్పుకుంటూ వచ్చి, చివరకు కొలతకు అందని దాని దగ్గర కవి ప్రశ్న వేశాడు. అంతే కాదు. పల్లవిలో ఉన్న వస్తువుల్లో ఒక్కటీ ఎవరి సొంతమూ కాదు. గట్టు సర్కారుది, చెట్టు ఊరందరిది, పక్షి ఎవరిదీ కాదు. పాడుతున్నది ఏ ఆస్తీ లేని పల్లెపిల్ల. ఆమెకు సొంతమని చెప్పుకోగలిగినది ఆ చివరి మనసొక్కటే, అదీ ఎదుటివాడికి అర్థం కాలేదు. దాశరథి ఇదంతా లెక్కవేసి రాశారని నేను అనను. కానీ మాటలు ఆ క్రమంలో పడ్డాయి, ఆ పడటంలోనే పాట బలముంది. ఆ బలాన్ని చూపించింది రసజ్ఞుడి తన్మయత్వం కాదు, లేఖరి పెట్టిన అభ్యంతరం.

వయసులో ఉన్నప్పుడు ప్రేమించిన పాటకు తర్వాతెప్పుడో సరదాగా ఇంకో అర్థం చెప్పుకోవడం చాలామందికి కాలక్షేపం. అది కాలక్షేపం మాత్రమే కాదనీ, పాటను నిజంగా చదవడమేననీ నా వాదం. తెలుగు తరగతిలో ప్రతిపదార్థం, తాత్పర్యం అని రెండు వేరుగా రాయిస్తారు. పాట విషయానికి వచ్చేసరికి మనమంతా నేరుగా తాత్పర్యానికి దూకేస్తాం. విరహగీతమా, సరే. భక్తిపాటా, సరే. మధ్యలో ఉన్న మాటలు ఏ పని చేస్తున్నాయో ఎవరూ ఆగి చూడరు. సరదా అర్థం చెప్పేవాడు మాత్రం తాత్పర్యాన్ని పక్కనపెట్టి ప్రతిపదార్థం దగ్గర మొండికేస్తాడు. ఈ మాటకు ఈ అర్థమే అయితే మిగతా మాటలు ఎలా నిలబడతాయి అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలో పాట కట్టడం బయటపడుతుంది. ఇది పేరడీకి చుట్టమే గానీ పేరడీ కాదు. పేరడీలో నడక ఉంచి మాటలు మారుస్తారు. ఇక్కడ ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. మాటలన్నీ కవివే, వినే చెవి మాత్రమే వేరు.

ఇంకో పాట చూద్దాం. 1955 జనవరిలో విడుదలైన మిస్సమ్మలో రామారావు, సావిత్రి చందమామను పిలిచి తమ గోడు చెప్పుకునే యుగళగీతం ఉంది. పింగళి నాగేంద్రరావు రచన, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. దీన్ని వకీలు చెవితో వినాలి. అప్పుడది శృంగారగీతంగా వినిపించదు, ఇరుపక్షాల వాదనగా వినిపిస్తుంది. న్యాయమూర్తి స్థానంలో చంద్రుడున్నాడు. భర్తనంటూ ఒకరు అర్జీ దాఖలు చేశారు. భార్యనంటూ రెండోవారు కౌంటరు వేశారు. ఆమె పంతం తట్టుకోలేకపోతున్నానని అతని ఫిర్యాదు. ఇచ్చిన మాట తప్పి నటిస్తున్నాడని ఆమె ఫిర్యాదు. మతం తేడా గురించిన వివాదాంశం కూడా చరణంలో నమోదయింది. ఆఖరున, ఈ కాపురం సంగతి మీరే చూడాలని న్యాయమూర్తికి విన్నపం. అంతా కోర్టు పద్ధతిలోనే ఉంది. ఆ జనవరి 1వ తేదీనే మతాంతర వివాహాలకు దారిచ్చే ప్రత్యేక వివాహ చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి, చట్టం కూడా వాళ్లకు అనుకూలమే. అయితే ఈ కేసు మొదటి వాయిదాలోనే కొట్టుడుపోతుంది. వాళ్లకు పెళ్లి కాలేదు! జమీందారు బడిలో ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలుగా నటిస్తున్న ఇద్దరు నిరుద్యోగులు వాళ్లు. పెళ్లే లేనప్పుడు భర్త ఎవరు, భార్య ఎవరు, కాపురం ఎక్కడిది? విచారణార్హత లేదని వకీలు తేల్చేస్తాడు.

ఆ తేల్చడంలోనే పాట గుట్టంతా ఉంది. నటన ఇంట్లోవాళ్ల కోసమూ, ఊరి కోసమూ. చందమామ ముందు నటించాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఉద్యోగం ఇచ్చేది చందమామ కాదు. మరి ఎవరూ అడగని చోట, ఏ లాభమూ లేని చోట, భర్త హక్కుతో అతనూ భార్య హక్కుతో ఆమే ఎందుకు పోట్లాడుకుంటున్నారు? అప్పటికే మనసులో ఆలుమగలైపోయారు కాబట్టి. ఆ సంగతి వాళ్లకింకా తెలియదు, పాటకు తెలుసు. పింగళి ప్రేమ అన్న మాట ఎత్తకుండా, తగవు ద్వారా ఆ సంగతి మనకు చేరవేశారు. వెన్నెల, రాజేశ్వరరావు రాగం మనల్ని ఎంత మురిపించాయంటే ఈ చిన్న కిటుకు దగ్గర ఆగే తీరిక మనకు దొరకలేదు. విచారణార్హత అడిగిన వకీలు ఆగాడు. తెలుగు సినిమాలో ఇంతకంటే నేర్పుగా కట్టిన ప్రేమపాట నాకు తెలిసి లేదు. ఆ నేర్పు పూర్తిగా అర్థం కావాలంటే దాన్ని ఒకసారి కోర్టుకు ఈడ్చక తప్పదు.

ఈ ఆట యౌవనంలో విన్న పాటలతోనే ఎక్కువగా ఎందుకు కుదురుతుందంటే, ఆ పాటలు మనలోకి అర్థం ద్వారా రాలేదు. అవి వచ్చిన దారి తలుచుకోండి. 1952 తర్వాత కొన్నేళ్లపాటు ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టినప్పుడు మనవాళ్లు రేడియో సిలోను పట్టుకుని, గరగరల మధ్య మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం ఎదురుచూశారు. 1957లో వివిధ భారతి వచ్చింది. ఏ పాట ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చింది మళ్లీ వెనక్కి తిప్పి వినడానికి లేదు. సినిమాహాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం కొంటే మాటలు దొరికేవి, అదీ అచ్చుతప్పులతో, సగం కథ చెప్పి మిగతాది వెండితెరపై చూడమనే ముగింపుతో. కాబట్టి పాట ధ్వనిగా స్థిరపడింది. మాటలు నోటికి వచ్చాయి, బుద్ధికి రాలేదు. ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు గడిచాక అదే మనిషి జీవితంలోకి బ్యాంకు లోను, కోర్టు వాయిదా, బీపీ మాత్ర, పిల్లల ఫీజు అన్న కొత్త మాటల మూట వచ్చి చేరుతుంది. నోటికి వచ్చిన పాత పాట ఈ కొత్త మాటలతో మొదటిసారి తారసపడినప్పుడు నవ్వు పుడుతుంది. అంటే ఆ నవ్వు, పాటను అర్థంతో వినడం మొదలైన క్షణం. తెలుగు రెండో భాషగా నేర్చుకునే ప్రవాసుల పిల్లలు ప్రతి మాటకూ అర్థం అడిగి పెద్దవాళ్లను ఇరుకున పెట్టడమూ ఇలాంటిదే. వాళ్లకు మాట ముందు వచ్చింది, మనకు పాట ముందు వచ్చింది.

మాట మార్చకుండా అర్థం మార్చే ఈ విద్యను శ్రోతలు కవుల మీద రుద్దారనుకుంటే పొరపాటు. కవులే మనకు నేర్పారు. మాయాబజార్ (1957) వెన్నెల పడవ పాటలో మనం ఒక జంటను మాత్రమే గుర్తుపెట్టుకుంటాం గానీ, ఆ పడవలో విహరించేవి మూడు జంటలు. అభిమన్యుడు, శశిరేఖల తర్వాత కృష్ణుడూ రుక్మిణీ, ఆ తర్వాత బలరాముడూ రేవతీ. పాట ఒకటే, పడవ ఒకటే, వెన్నెల ఒకటే. పెద్దల కన్నుగప్పి వచ్చిన కుర్రజంట ఎక్కితే అది దొంగచాటు ప్రేమ. జరగబోయేదంతా తెలిసిన కృష్ణుడు ఎక్కితే అది చిరునవ్వుతో ఆడే నాటకం. రేపు ఆ పిల్లల పెళ్లికి అడ్డుపడబోయే బలరాముడు, రేవతి ఎక్కితే, తమ వయసులో తాము అనుభవించినదాన్ని పిల్లలకు లేకుండా చేయబోతున్న పెద్దల సంబరం. సినిమా ఇంకాస్త ముందుకెళితే పెళ్లికూతురు ముస్తాబులో సావిత్రి తన పెళ్లి గురించి మురిసిపోయే పాట వస్తుంది. మాటలన్నీ సిగ్గుపడే ఆడపిల్లవే. కానీ ఆ శశిరేఖ లోపల ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు. సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు తొంగిచూసేసరికి హాలు హాలంతా విరగబడి నవ్వుతుంది. పాటలో అక్షరం మారలేదు. పాడేదెవరో తెలిసింది, అంతే. ఈ రహస్యం బాగా పట్టుకున్నవాడు జంధ్యాల. ఆ సినిమా పాటల్లోంచి ఏరి తన హాస్యచిత్రాలకు పేర్లు పెట్టుకున్నాడు. 1987లో అహ నా పెళ్ళంట, 1988లో వివాహ భోజనంబు, చూపులు కలసిన శుభవేళ. అందులో మొదటిది ఎంత పదునైన వ్యాఖ్యానమో చూడండి. వైభోగంగా జరిగే పెళ్లి సంబరంలో పుట్టిన మాట, కోట శ్రీనివాసరావు వేసిన పరమ లోభి లక్ష్మీపతి కథకు పేరైంది. ఆ సినిమా చూశాక పాత పాటలోని సంబరం ఇంకాస్త ఖర్చుతో కూడినదిగా వినిపిస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్లినా ఇదే విద్య కనిపిస్తుంది. పింగళి సూరన పదహారో శతాబ్దంలో రాఘవపాండవీయం రాశాడు. ఒక వైపు నుంచి చదివితే రామాయణం, ఇంకో వైపు నుంచి చదివితే భారతం. అది గంభీరమైన పని, పండితుల పని. దాని పక్కనే జనం నోళ్లలో నలిగిన తెనాలి రామకృష్ణుడి చాటుకథ ఉంది. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న సమస్యను కోట కాపలావాడు ఇస్తే, గంజాయి మత్తులో వాగుతున్నావా అన్న తిట్టు దానికి అర్థమైంది. అదే సమస్యను రాయలవారు ఇస్తే, జూదంలో ఓడి విరాటరాజు కొలువులో చేరిన పాండవుల దురవస్థ దానికి అర్థమైంది. పాదం ఒకటే, అడిగినవాడు మారాడు. ఇప్పటికీ మన అవధానాల్లో పృచ్ఛకుడు లోకవిరుద్ధంగా, వెర్రిగా, ఒక్కోసారి సభలో వినకూడనట్టుగా ఉన్న పాదం ఇస్తాడు. అవధాని ముందు పాదాల్లో ఒక అక్షరం చేర్చి, విరుపు మార్చి, ఆ వెర్రిమాటను సభామర్యాదకు తెస్తాడు. చప్పట్లు కొడతాం, శాలువా కప్పుతాం. పాటకు సరదా అర్థం చెప్పేవాడు ఈ దారిలోనే ఎదురు దిక్కుగా నడుస్తాడు. సవ్యంగా ఉన్నదాన్ని తీసుకుని వెర్రిగా వినిపిస్తాడు. రెండింటికీ కావలసిన తెలివి ఒకటే, మాటకు ఎన్ని కీళ్లున్నాయో తెలియాలి. ఒకదానికి శాలువా, ఇంకోదానికి చీవాట్లు అనడం న్యాయం కాదు.

అయితే అభ్యంతరాలున్నాయి, వాటిలో కొన్ని బరువైనవి. మొదటిది రసభంగం. ఒకసారి నవ్విన పాటకు మళ్లీ కన్నీళ్లు రావని చాలామంది భయం. దీన్ని తేల్చడానికి విషాదానికే పేరు పడ్డ పాటను తీసుకుందాం. 1953 నాటి దేవదాసులో ఘంటసాల పాడిన, కుడీ ఎడమా తారుమారైనా తప్పేమీ లేదని చెప్పే పాట. దీన్ని డ్రైవింగ్ స్కూలులో నేర్పే మనిషి వింటే గుండె ఆగిపోతుంది. రోడ్డుకు ఎడమ పక్కన నడపాలని నెల రోజులుగా నేర్పుతున్న పాఠం ఒక్క పల్లవితో కొట్టుకుపోయింది. చరణంలోకి వెళితే ఈత నేర్పేవాడి వంతు. సుడిగుండంలో పడ్డవాడు ఎదురీదకుండా మునగడమే హాయి అనుకోవాలట! ఆ చెప్పేవాణ్ని ఏ చెరువు గట్టునా నిలబడనివ్వరు. నవ్వాక గమనించండి. ఆ పాటంతా పాఠం చెప్పే ధోరణిలో ఉంది. ఒరేయ్ నాయనా, ఇలా అనుకో, ఇలా సర్దుకో అని ఎవరికో బోధిస్తున్న గొంతు అది. ఎదురుగా శిష్యుడెవరూ లేడు. తాగిన మైకంలో తనకు తానే గురువై, తన నాశనానికి తానే సూత్రాలు చెప్పుకుంటున్నాడు. ఏడుస్తున్న మనిషి కంటే, ఏడుపును సిద్ధాంతంగా మార్చి తనకే బోధించుకునే మనిషి ఎక్కువ జాలి గొలుపుతాడు. డ్రైవింగ్ మాస్టారి అభ్యంతరం విన్న తర్వాత ఆ పాటలోని దుఃఖం నాకు తగ్గలేదు, ఎందుకు దుఃఖమో తెలిసింది.

మన ప్రదర్శన కళలు కూడా రసభంగ భయాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుంటే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క మధ్యలో దూరి అల్లరి చేసి పోతారు. ఆ వెంటనే సీత కష్టం వస్తే జనం కళ్లు తుడుచుకుంటారు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ విరహంతో అల్లాడుతుంటే మాధవి పక్కన నిలబడి, ఇంతకీ నీ మగడి పేరేమిటో చెప్పమ్మా అని నిలదీస్తుంది. మగడి పేరు చెప్పడానికి భామ సిగ్గుపడుతుంది, జనం నవ్వుతారు, ఆ నవ్వులోనే ఆమె గర్వమూ ప్రేమా రెండూ తెలుస్తాయి. మాధవి అడిగేది లేఖరి ప్రశ్నే, వకీలు ప్రశ్నే. ఆమెను కలాపంలోంచి తీసేస్తే మిగిలేది ఒంటరి విరహం. మన పెద్దలు ఆమెను తీసేయలేదు.

కవికి అగౌరవం కదా అన్నది రెండో అభ్యంతరం. దీనికి జవాబు పొడుగ్గా చెప్పనక్కర్లేదు. పేరడీ శాస్త్రిగా పేరు పొందిన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి అనుకరించినది అనామకులను కాదు. శ్రీశ్రీ, కృష్ణశాస్త్రి వంటి వాళ్ల నడకలను ఆయన ఎత్తి చూపించాడు. అవతలివాడి ఛందస్సు, ఊతపదం, ఊపిరి తీసే చోటు కూడా తెలిస్తే తప్ప అది సాధ్యం కాదు. జనం నోట్లో లేని కవిని ఎవరూ అనుకరించరు, అనుకరించినా ఎవరికీ నవ్వు రాదు. ఎవరికీ తెలియని పాటకు సరదా అర్థం చెప్పి చూడండి, ముందు అసలు పాట వివరించాల్సి వస్తుంది, అంతటితో నవ్వు చచ్చిపోతుంది. కాబట్టి సరదా అర్థం పుట్టిందంటే ఆ పాట అప్పటికే అందరి సొంతమైందన్నమాట.

మూడో అభ్యంతరం నన్ను నిజంగా ఆలోచింపజేస్తుంది. మన సరదా అర్థాల్లో చాలావాటికి ఆడవాళ్లే గురి. మిస్సమ్మలోనే ఇంకో పాట ఉంది, ఆడవారి మాటలకు అర్థాలు వేరని చెప్పేది. పాట ఎంత ప్రాచుర్యం పొందిందంటే 2001లో ఖుషీ సినిమా దాన్ని మళ్లీ పాడించింది, 2007లో దాని పల్లవి వెంకటేశ్ సినిమాకు పేరైంది. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని, ఆమె వద్దంటే ఔననే అర్థం అని తీర్మానించే మొరటు హాస్యం ఇన్నేళ్లూ నడిచింది. అది నవ్వులాట కాదు, ఒక మనిషి మాటను ఆ మనిషి దగ్గర్నుంచి లాక్కోవడం. దీనికి మందు పాటను నిషేధించడం కాదు, ఇంకా గట్టిగా చదవడం. ఈ పాటను సాక్ష్యాలు నమోదు చేసే గుమస్తా చెవితో వినండి. ఆడవారి మాటలకు వేరే అర్థాలున్నాయని వాంగ్మూలం ఇస్తున్నది ఎవరు? ఒక మగవాడు. ఆడవారిని విచారించారా? లేదు. కథలో నాయిక మేరీ మొదటినుంచీ తనకు నచ్చనిది నచ్చలేదని మొహం మీదే చెబుతూ వస్తుంది, పెట్టిన షరతులు దాచుకోదు. లోపలొకటి పెట్టుకుని పైకొకటి మాట్లాడే అలవాటు రామారావు పాత్రకే ఎక్కువ. అంటే పాడుతున్నవాడు తన జబ్బును ఎదుటివాళ్ల ఖాతాలో రాశాడు. పాటలో చమత్కారం అక్కడుంది. మొరటు హాస్యం పల్లవి దగ్గరే ఆగిపోయింది కాబట్టి దానికి ఇది కనపడలేదు. బూతు అర్థాల సంగతీ ఇంతే. ఏ పాటకైనా అతికే బూతు ఏ పాట గురించీ ఏమీ చెప్పదు.

ఇక చివరిది ఇప్పటి కాలం తెచ్చిన చిక్కు. ఫోనులో పదిహేను సెకన్ల ముక్కగా పాత పాట వస్తుంది, దాని మీద ఒక వేళాకోళం వస్తుంది, వేలు పైకి జరిపితే ఇంకోటి. అసలు పాట ఎన్నడూ వినని పిల్లలకు వేళాకోళమే మొదటి పరిచయం అవుతోంది. ఈ అభ్యంతరాన్ని నేను సగానికి పైగా ఒప్పుకుంటాను. లేఖరి హాస్యం పండాలంటే చివరి మాట దాకా పాట వినాలి. వకీలు హాస్యం పండాలంటే సినిమా కథ కూడా తెలియాలి. ముక్కలో అవేవీ ఉండవు. ముక్క మీద వేసిన జోకు ముక్కతోనే పోతుంది, పాటకు ఏమీ మిగల్చదు. కానీ దోషం హాస్యానిది కాదు, కోతది. ఆ పదిహేను సెకన్లలో భక్తితో పాడినా పాట అంతే అనాథ అవుతుంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడుతా తీయగా కార్యక్రమంలో పోటీకి వచ్చిన పిల్లల్ని ఈ మాటకు అర్థం తెలుసా అని అడిగి, కవి ఎందుకలా రాశాడో నవ్విస్తూ చెప్పేవారు. ఆయన విడిగా ఉపన్యాసం ఇవ్వలేదు, పాట పూర్తిగా పాడించాకే మాట్లాడేవారు. ఆ వరస ముఖ్యం. ముందు పాట, తర్వాత మాట, ఆపైన నవ్వు.

అందుకని నాదొక విన్నపం. ఇంట్లో పిల్లలెవరైనా మీకు ప్రాణమైన పాత పాటకు వింత అర్థం చెప్పి నవ్వితే కసరకండి. పెద్దల పాటను ఎగతాళి చేస్తారా అని రేడియో కట్టేయకండి. కూర్చోబెట్టి పాట మొత్తం వినిపించండి. పల్లవికి చెప్పిన అర్థాన్ని రెండో చరణానికి కూడా అతికించమనండి. అతికితే మెచ్చుకోండి, ఎక్కడ అతకలేదో అక్కడ ఆగి, కవి అక్కడ వేరే ఏం చేశాడో ఇద్దరూ కలిసి వెతకండి.